సముద్రాల బాట, జోము పట్టిన కాళ్ళు

మా జిల్లాలో సముద్రం లేదు. సముద్రాలు మాత్రం ఉన్నాయి. వెనకటి రాజుల కాలంలో పెద్ద చెరువు తవ్వించి, కట్ట కింద ఊరు కట్టిస్తే, ఆ ఊరికి ఏదో ఒక సముద్రమని పేరు పెట్టేవాళ్ళట. మా ధర్మవరానికి దగ్గరలో ఉన్న నాగసముద్రం అలాంటిదే. ఒకసారి రైల్లో నా ఎదురుగా కూర్చున్న విశాఖపట్నం ఆవిడ ఆ స్టేషను బోర్డు చదివి, "ఈ ఊళ్ళో సముద్రం ఉందా అండీ?" అని అడిగింది. నా పక్కనున్న మా వదిన లలిత ఏమీ తడుముకోకుండా, "ఉండాదమ్మా, ఇప్పుడు ఎండబెట్టినాం" అంది.

నవ్వుకుంటూ ఇల్లు చేరాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సముద్రం చూడని మనుషులు చెరువును సముద్రమని ఎందుకు పిలుచుకున్నారు? ఇలాంటివి బుర్రలో దూరితే నాకు అన్నం సహించదు. "దీన్ని మగ్గం ముందర కాదు, కోర్టులో కూచోబెట్టల్ల" అని మా ఆయన నన్ను ఎగతాళి చేస్తుంటాడు.

లలిత మా ఆయనకు అక్క. హిందూపురంలో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నా ప్రశ్నకు ఆమె దగ్గర సగం జవాబు దొరికింది. తారు రోడ్డు పడకముందు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి ఒక బండ్ల బాట ఉండేదట. పెనుకొండలో రాజులున్న కాలం నాటిదని ఆమె మామగారు చెప్పేవాడట. మనుషులకూ ఎద్దులకూ నీళ్ళు కావాలి కాబట్టి ఆ బాట ఒక చెరువు కట్ట నుంచి ఇంకో చెరువు కట్టకు పోయేది.

"అంటే అది మన సముద్రం ఒడ్డు. నడుద్దామా?" అంది వదిన.

నేను ఊ అన్నాను. ఎప్పుడు అనే మాటే రాలేదు, ఎందుకంటే మాకు తీరికంటే అమావాస్యే. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. లోకమంతా ఆ రోజు ప్రయాణం పెట్టుకోదు, మాకేమో ఊళ్ళకు పోయేదీ సినిమా చూసేదీ ఆ రోజే. వదిన పెళ్ళయి నేత వదిలేసినా అలవాటు వదల్లేదు, కుట్టుమిషన్‌కు కూడా అమావాస్య సెలవిస్తుంది. అలా కార్తీక అమావాస్య నాడు హిందూపురంలో బయల్దేరి, ప్రతి అమావాస్యకూ కొంత కొంత నడిచాం. ఆపిన చోటి నుంచి బస్సులో ఇళ్ళకు పోయేవాళ్ళం, మళ్ళీ నెలకు అక్కడికే వచ్చి మొదలుపెట్టేవాళ్ళం.

బాట సగం పొలాల్లో కలిసిపోయింది. ముళ్ళ తుమ్మలు అడ్డం పడి ఉంటాయి. ఎక్కడో ఒకచోట బండి చక్రాలు అరగదీసిన బండరాయి కనబడితే ఇద్దరం కూర్చుని ఆ గాడిలో వేలు పెట్టి చూసుకునేవాళ్ళం. నా జన్మలో అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

మాఘ అమావాస్య

శివరాత్రి మర్నాడు. నిద్ర చాలక కళ్ళు మండుతున్నా చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి నాగసముద్రం చేరాం. ఇంకొక్క నడక మిగిలింది, అక్కడి నుంచి ధర్మవరం, మా ఇల్లు. కొత్త అమావాస్య నాడు ముగించి, మర్నాడు ఉగాది పచ్చడి కలిసి తిందామని అనుకున్నాం.

మా అత్తకు మాత్రం మొదటి నుంచీ ఇది నచ్చలేదు. సెలవైతే ఇంట్లో పడుకోవాలి, లేదా గుడికి పోవాలి అని ఆమె లెక్క. "అమావాస్య నాడు మూడు దోవలు కలిసేకాడ ఏమేమో ఏసి పోతారు. చూడకుండా తొక్కితే ఎవురిది బాధ్యత?" అని కూతుర్ని అడిగింది.

"నాదేలేమా" అంది వదిన, తేలిగ్గా.

ఆ మాట తర్వాత ఎంత బరువయిందో చెప్పలేను.

కొత్త అమావాస్యకు ముందు

నడిచొచ్చిన వారానికి నాకు విరేచనాలు పట్టుకున్నాయి. ఎవరి ఇంట్లోనో శుభకార్యంలో తిన్న భోజనమో, దోవలో తాగిన నీళ్ళో, ఏదో చెప్పలేను. తగ్గిపోయాయి, మర్చిపోయాను. కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున మగ్గం మీద కూర్చుంటే పాదాలకు జోము పట్టింది.

జోము అంటే తిమ్మిరి. మా అమ్మది కర్ణాటక సరిహద్దులో ఉన్న అగళి, ఇది ఆ వైపు కన్నడం కలిసిన మాట. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించి, కింద ఉండే చెక్కలు తొక్కుతూ నేస్తాం. గంటల తరబడి అలా కూర్చుంటే జోము పట్టని నేతగాడు ధర్మవరంలో లేడు. లేచి నాలుగుసార్లు నేల తన్నితే పోతుంది. అందుకే మా ఇళ్ళలో జోము ఒక జబ్బు కాదు. చెమట పట్టిందని ఎవరైనా ఆసుపత్రికి పోతారా?

నేనూ లేచి తన్నాను. పోలేదు. పక్క మగ్గం గుంతలోంచి మా ఆయన తలెత్తి, "జోమే గదా, దులుపు" అన్నాడు. దులిపాను. మర్నాటికి చేతివేళ్ళ కొనలకు కూడా వచ్చింది. నాకు భయం వేయలేదు, ఆశ్చర్యమేసింది. కాళ్ళు గుంతలో ఉంటాయి సరే, చేతులు పైనే ఉన్నాయి కదా, వీటికెందుకు? ఆ ప్రశ్న నేను నన్నే అడుక్కున్నాను గానీ డాక్టర్ని అడగలేదు. మాలాంటి వాళ్ళం మాత్రమే చేసే తప్పు ఇది. పనివల్ల వచ్చేదేదో, రోగంవల్ల వచ్చేదేదో మాకు తేడా తెలియదు.

ఆ తర్వాత కింద కుడి చెక్క తొక్కాననుకున్నాను, ఎడమ చెక్క దిగింది. నేసిన చీరలో అడ్డంగా గీత పడింది. నా పాదం ఎక్కడుందో నాకే తెలియడం లేదని అప్పుడు అర్థమైంది. గుంతలోంచి లేవబోయాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. మా ఆయన నా చంకల కింద చేతులేసి పైకి లాగాడు.

అత్త వచ్చి నా పాదాలు చూసింది. వాటి మీద ఏమీ లేదు, వాపు లేదు, గాయం లేదు. లేకపోవడమే ఆమెకు రుజువైంది. "నేను చెప్పలా? ఏందో తొక్కింది" అంది. నిమ్మకాయలు కోసింది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఎవరినో పిలిపించి చీలమండకు దారం కట్టించింది. ఆ దారం కట్టింది కూడా నాకు తెలియలేదు, చూస్తే కనబడింది.

వదినకు ఫోన్ చేశాను. "చేతులకు కూడానా? దులుపుకుంటా కూచోవద్దు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి పో. నేను బస్సెక్కుతాండా" అంది. ఊళ్ళో డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండోది కొట్టాడు, అదీ ఎగరలేదు. నాకు అదేమిటో తెలుసుకోవాలని ఉండి, "ఎగరాల్నా సార్?" అని అడిగాను. "ఎగరాలమ్మా. ఆలస్యం చేయకుండా పుట్టపర్తి పోండి, పెద్దాసుపత్రికి, ఈ రోజే" అన్నాడు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. ఒక కాలికి తిమ్మిరి వస్తే కూర్చున్న తీరు కావచ్చు. రెండు కాళ్ళకూ ఒకేసారి వచ్చి, చేతులకు పాకి, బలం తగ్గుతూ ఉంటే, దయచేసి దులుపుకుంటూ కూర్చోవద్దు.

ఉగాది, ఆసుపత్రిలో

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఒంట్లో రోగంతో పోరాడే సైన్యం దారి తప్పి మన నరాల మీదే పడిందట. నరం పైన ఒక పొర ఉంటుంది, అది చెడిపోతే మెదడు చెప్పే మాట కాళ్ళకు అందదు. విరేచనాలు అయి తగ్గిన తర్వాత కొందరికి ఇలా అవుతుందట. మా జరీ పోగు గుర్తొచ్చింది నాకు. లోపల పట్టు దారం, పైన వెండి చుట్టు. చుట్టు విడిపోయిన జరీ దేనికీ పనికిరాదు.

"మళ్ళీ చుట్టుకుంటుందా అమ్మా?"

"చాలామందికి చుట్టుకుంటుంది. నెలలు పడుతుంది."

"ఏమైనా తొక్కితే వస్తుందా ఇది?"

ఆమె నవ్వలేదు. అందుకు ఆమెను జన్మలో మర్చిపోను. "లేదమ్మా. మీరు ఏమీ తొక్కలేదు. నడక వల్ల కూడా రాలేదు" అంది.

ఈ మాట బయట కూర్చున్న అత్తకు చెప్పమని మా ఆయన్ను పంపాను. చెప్పాడు. ఆమె విని, "డాక్టర్లకు ఇవేం తెలుసు" అందట.

గది బయట వసారాలో గోడ పొడుగునా ఒక బెంచీ ఉండేది. దానికి ఆ చివర అత్త, ఈ చివర వదిన. మధ్యలో ఎవరెవరి బంధువులో వచ్చి కూర్చుని లేచి పోయేవాళ్ళు, వీళ్ళిద్దరూ కదిలేవాళ్ళు కాదు. వదిన వచ్చిన మొదటి రోజే అత్త ఒక మాట అనేసిందట: "బాధ్యత నాదే అంటివి గదా. చూడు పో, నీ బాధ్యత మంచం మీద పడుండాది." అంతే, తర్వాత కూతురితో మాట లేదు. అన్నం క్యారియరు తెస్తే సగం తీసి పెట్టి, మా ఆయనతో "ఆమెను తినమని చెప్పు" అనేది. కన్నకూతురు 'ఆమె' అయిపోయింది. అత్త నా పక్షం పట్టిందని గర్వపడాలో, వదిన ముఖం చూసి ఏడవాలో నాకు తెలిసేది కాదు. నాకు ఆ ఇద్దరూ కావాలి.

సెలైను లాగా ఒక మందు కొన్ని రోజులు ఎక్కించారు. మందు ఎక్కుతున్నా బలహీనత పైకి పాకుతూనే ఉంది. మొదట తొడలు, తర్వాత నడుము. ఛాతీ దాకా వస్తుందేమోనని డాక్టర్ల భయం. అందుకని పూటపూటకూ ఒక సిస్టరు వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒకే ఊపిరితో అంకెలు చెప్పమనేది. ఎంత దూరం పోతే ఊపిరి అంత బాగున్నట్టు.

ఆ సిస్టరు ఊరు నల్లచెరువు. పొట్టిగా, గలగలా మాట్లాడే పిల్ల. రెండు రోజులకు నాకు అంకెలంటే విసుగొచ్చి, "వేరే ఏమన్నా చెప్పొచ్చా?" అని అడిగాను.

"నాకు కావల్సింది నీ ఊపిరి పెద్దమ్మా. ఏమన్నా చెప్పు."

రైలు స్టేషన్లు చెప్పాను. హిందూపురం, మలుగూరు, చాకర్లపల్లి, పెనుకొండ, మక్కాజిపల్లి, నాగసముద్రం, ధర్మవరం. ధర్మవరం చేరి, తిరిగి హిందూపురం పోయి, ఇంకోసారి బయల్దేరి పెనుకొండలో ఆగాను. సిస్టరు నవ్వి, "టికెట్టు తీసుకున్నావా?" అంది. ఆ రోజు నుంచి ఆమె వచ్చి, "పెద్దమ్మా, బండి కదిలిద్దామా" అనేది.

తర్వాతి రోజు ధర్మవరం చేరాను గానీ తిరుగు ప్రయాణం చేయలేకపోయాను. ఆ సాయంత్రం మక్కాజిపల్లి దాటలేదు. ఉగాది నాడు పొద్దున గాలి పీల్చి మొదలుపెడితే చాకర్లపల్లి దగ్గర ఊపిరి అయిపోయింది. తలుపు తీసే ఉంది, బయట బెంచీ మీద వదిన వింటోంది. నేను పెనుకొండ అనలేకపోయినప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకోవడం నాకు కనబడింది. సిస్టరు నవ్వలేదు, పరుగున పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. అవసరమైతే గొంతులో గొట్టం వేయాల్సి ఉంటుందని మా ఆయనకు చెప్పారు.

నాకు భయమేసింది. చావు భయం అంటే ఏదో పెద్దగా ఉంటుందనుకునేదాన్ని. అది చిన్నదే, కానీ పక్కకు పోదు. పైకప్పు వైపు చూస్తూ పడుకుని, నా లోపల ఆ సైన్యం ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కునేదాన్ని. ఇక్కడ తెలుస్తోంది, ఇక్కడ తెలియడం లేదు అని ఒంటిని ఊరూరా తిరిగి చూసినట్టు చూసుకున్నాను. అంత భయంలోనూ, బలం పోయేటప్పుడు ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న మాత్రం పోలేదు. బహుశా ఆ ప్రశ్నే నన్ను పిచ్చిదాన్ని కాకుండా కాపాడింది.

గొట్టం అవసరం రాలేదు. ఆ రోజంతా చాకర్లపల్లిలోనే ఆగిన బండి మర్నాడూ అక్కడే ఆగింది, కానీ వెనక్కి పోలేదు. మూడో నాడు పొద్దున పెనుకొండ అన్నాను. తలుపు బయట నుంచి వదిన గొంతు, "అను, అను, ఇంకోటి అను" అంది. అత్త కూడా బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. అదే తలుపు దగ్గర ఇద్దరూ నిలబడి నన్ను చూశారు, ఒకరినొకరు చూసుకోలేదు.

వైశాఖం, జ్యేష్ఠం

ఇంటికి తెచ్చేటప్పటికి ప్రాణం ఉంది, కాళ్ళు లేవు. ఉన్నాయి, నావి కావు. మా ఆయన రెండు చేతుల మీద ఎత్తి దొడ్డికి తీసుకుపోయేవాడు. సిగ్గుతో నేను తిట్టేదాన్ని, అతను తిరిగి తిట్టేవాడు. పెళ్ళయిన కొత్తల్లో కూడా అంత దగ్గరగా అంత ఎక్కువ తిట్టుకోలేదు. ఒకరోజు మాత్రం అతను నన్ను మంచం మీద దించి, మగ్గం గదిలోకి పోయి చాలాసేపు రాలేదు. మగ్గం చప్పుడు కూడా రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

వ్యాయామం చేయించే అబ్బాయి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. కళ్ళు మూసుకోమని, కాలి వేలు ముట్టుకుని ఏ వేలో చెప్పమనేవాడు. నేను ఊహించి చెప్పేదాన్ని, అన్నీ తప్పు. అత్త ఇది గమనించింది. మర్నాటి నుంచి పొద్దున్నే ముగ్గు వేసి, చీపురు పుల్ల ఒకటి విరుచుకొచ్చి మంచం చివర కూర్చునేది.

"కండ్లు మూసుకో. ఇప్పుడు తెలుస్తాందా?"

"లేదత్తా."

"ఇప్పుడు?"

"లేదు."

"సరే రేపు చూద్దాం." అని కాఫీ పెట్టడానికి పోయేది. నా కన్నతల్లి అగళి నుంచి వచ్చి కొన్నాళ్ళుండి, ఇది చూసి, "నీ అత్త ముందర నేను చెయ్యాల్సిందేమీ లేదు" అని వెళ్ళింది.

ఒక పొద్దున పుల్ల తగలకముందే పాదాలకు జోము పట్టింది. చీమలు పాకినట్టు, తర్వాత సూదులు గుచ్చినట్టు. నొప్పికి కేక పెట్టాను. అత్త ముఖం తెల్లబోయింది. "మల్లా జోమా? దేవుడా, మల్లా వచ్చె" అని వీధిలోకి పరుగెత్తబోయింది. నేనే ఆపి, ఆసుపత్రికి ఫోన్ చేయించాను. అవతల డాక్టరమ్మ సంతోషంగా, "రానివ్వండి, నరం కోలుకునేటప్పుడు కూడా అలా ఉంటుంది" అంది.

ఆ రోజు నేను ఏడ్చి నవ్వి, మళ్ళీ ఏడ్చాను. నేను పట్టించుకోని జోముతోనే రోగం వచ్చింది, ఇప్పుడు అదే జోము నా కాళ్ళను తిరిగి తెస్తోంది. అత్త పుల్ల పట్టుకుని, "ఇప్పుడు?" అంది. "బొటనవేలు" అన్నాను. సరిగ్గా బొటనవేలే. ఆమె ఆ పుల్లను గోడ సందులో దోపి చేతులు జోడించింది.

ఆ తర్వాత నిలబడడం, గోడ పట్టుకుని నడవడం, కర్రతో వీధి చివరికి పోవడం. ఇవి రాస్తే ఒక వాక్యం, బతికితే ఒక వానాకాలం. వదిన నెలకోసారి అమావాస్య నాడు వచ్చేది. అత్త వంటింట్లోకి పోయేది. వదిన నా పాదాలు చూసి, నాలుగు మాటలు మాట్లాడి, తల్లి వంటింట్లో ఉండగానే వెళ్ళిపోయేది. ఒకసారి గడప దగ్గర ఆగి, "మా, పోయొస్తా" అంది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

వదిన నాతో చెప్పింది: "అమ్మ తిట్టినా బాగుండు. నేనే నిన్ను పిలుచుకపోతి గదా, నిజమే గదా."

"నిజం కాదు. డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ నాకు అమ్మ కాదు కదా సుజాతా."

ఆ రాత్రి అనుకున్నాను. మాటలతో అత్త వినదు. నేను ఆ బాట వల్లే మంచం పట్టానని ఆమె నమ్ముతోంది, కాబట్టి ఆ బాట మీదే నేను ఇంటికి నడిచి రావాలి. వదిన పక్కన ఉండగా రావాలి.

కార్తీక అమావాస్య

అత్తకు ఆమె పద్ధతిలోనే చెప్పాను. "అత్తా, నడక సగంలో నిలిచిపోయింది. సగంలో నిలిపిన దోవ కాళ్ళకు చుట్టుకోనుంటాది గదా. ముగిస్తే ఇడుస్తాది."

ఆమె బియ్యం ఏరుతూ ఆలోచించింది. ఆమె నమ్మకాల్లో నా మాటకు చోటుంది, అదే ఆమెను ఇరుకున పెట్టింది. చివరికి, "పో. చెప్పులు గట్టివి ఏసుకో. చూసి అడుగెయ్యి" అంది. రాయి ఒకటి ఏరి పారేసి, "ఆమె వస్తే రానీ, నాకేం" అని కూడా అంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తెల్లవారుతుండగా నాగసముద్రం కట్ట ఎక్కితే చెరువు నిండుగా ఉంది. అవతలి గట్టు కనబడలేదు. గాలికి నీళ్ళు కట్ట రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. సముద్రం చూడనివాళ్ళు ఈ పేరు ఎందుకు పెట్టారన్న నా ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే మనుషులకు ఇంతకంటే పెద్ద నీళ్ళు ఊహలో ఉండవు. వదిన మాత్రం, "ఆ విశాఖపట్నమామెను ఇప్పుడు రమ్మను" అంది.

మెల్లగా నడిచాం. నా చేతిలో కర్ర, వదిన వీపు మీద నీళ్ళూ అన్నమూ మందులూ అన్నీ. మా ఆయన మా వెనక ఎక్కడో బైకు మీద వస్తూ, మేము కనబడేంత దూరంలో ఆగుతూ ఉన్నాడు. నేను అలసి చూస్తే సీటు తట్టి ఎక్కమని సైగ చేసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

మధ్యలో మూడు దోవలు కలిసే చోట నిమ్మకాయలు, కుంకుమ, పగిలిన గుమ్మడికాయ పడి ఉన్నాయి. తాజాగా ఉన్నాయి, ఆ పొద్దుటివే. వదిన నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. చుట్టూ తిరిగి దూరంగా పోయాం. నమ్మకపోవడం వేరు, తొక్కడం వేరు.

మధ్యాహ్నం దాటాక కాళ్ళు బరువెక్కాయి. ఎడమ పాదంలో రెండు వేళ్ళు నాకు ఇప్పటికీ తెలియవు, డాక్టరమ్మ ఇంకో ఏడాది చూద్దామంది. అవి తెలియనందువల్ల పాదం ఈడ్చుకుంటుంది, రాళ్ళకు తగులుతుంది. ఒకచోట ముందుకు పడబోయాను. వదిన పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"చాలు సుజాతా. తమ్మున్ని పిలుస్తా. ఇంకోసారి ఏమన్నా అయితే నేను బతకను."

"కూచో వదినా. కూచుని నడుద్దాం."

కూర్చున్నాం. ఆమె ఏడుస్తూనే నాకు మజ్జిగ పోసింది. ఏడుపు ఆగాక లేచాం. తర్వాత దూరమంతా ఆమె నా కర్ర లేని వైపు భుజం ఆనించి నడిచింది. నా బరువు సగం ఆమె మీదే ఉంది, నేను తర్వాత గానీ గమనించలేదు. ఇంకా చాలా దూరం ఉండగానే ఆమె చెప్పు ఒకటి తెగింది. పిన్నీసు పెట్టుకుని నడిచింది, నాకు చెప్పలేదు.

పొద్దు వాలేటప్పటికి ధర్మవరం చెరువు కట్ట చేరాం. దూరం నుంచే అత్త కనబడింది. ఇంట్లో కూర్చోలేక ఎదురు వచ్చింది, చేతిలో ఎర్రనీళ్ళ పళ్ళెం. మేము దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. నేను కర్ర పక్కకు పెట్టి, చివరి నాలుగు అడుగులు కర్ర లేకుండా, వదిన భుజం లేకుండా వేశాను. కింద పడలేదు.

అత్త ఎర్రనీళ్ళు నా చుట్టూ తిప్పి పారబోసింది. వంగి నా పాదాలు చూసింది, అలవాటుగా ఎడమ పాదం వేళ్ళు ఒకటొకటే తాకింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి, నాకు వెనకగా, దూరంగా నిలబడ్డ కూతురి వైపు తిరిగింది.

"చెప్పులిడువు" అంది.

వదినకు అర్థం కాలేదు. తల్లి తనతోనే మాట్లాడుతోందని నమ్మకం లేనట్టు నా వైపు చూసింది.

"నిన్నేనే లలితా. దాని కాళ్ళు ఇన్ని నెలలుగా చూస్తానే ఉండా. నీయి చూపీ."

వదిన చెప్పులు విడిచింది. పిన్నీసు గుచ్చుకున్న చోట రక్తం కారి ఎండిపోయి ఉంది, మడమలు పగిలి ఉన్నాయి. అత్త ఆ కట్ట మీదే చతికిలబడి, కూతురి పాదం లాగి ఒడిలో పెట్టుకుంది.

"దుమ్ముమా" అంది వదిన, కాలు వెనక్కి తీసుకోబోతూ.

"ఉండనీ" అంది అత్త, కొంగుతో తుడుస్తూ.